మొదటిసారి పియానో కచేరీకి వెళ్తున్నాం (విగ్‌మోర్ హాల్, లండన్): చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

హౌన్స్‌లో_నాన్న
మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. మూడేళ్ళుగా పియానో నేర్చుకుంటోంది, గ్రేడ్ 3 అయింది. ఇంట్లో ఉన్నది డిజిటల్ పియానో. "ఎప్పుడూ దాని మీదే వాయించుకుంటే చెవి పెరగదు, ఒక్కసారి నిజమైన గ్రాండ్ పియానో ముందు కూర్చోబెట్టండి" అని వాళ్ళ టీచరు మొన్న గట్టిగా చెప్పారు. సరేనని విగ్‌మోర్ హాల్లో వచ్చే ఆదివారం ఉదయం 11:30 కచేరీకి మూడు టికెట్లు తీసుకున్నాను. ముందు హైడన్ అనే స్వరకర్త రాసిన సి మేజర్ సొనాటా, తర్వాత షూబర్ట్ అనే ఇంకో స్వరకర్త సొనాటా, డి 960 అని దాని నంబరు. ఇంటర్వెల్ లేదు.

తీసుకున్న దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. నేను తణుకులో పెరిగాను. శ్రీరామనవమి పందిళ్ళలో హరికథలు, త్యాగరాజ ఆరాధన, నాకు తెలిసిన కచేరీలు అవే. అక్కడ మధ్యలో లేచి కాఫీ తాగొచ్చినా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడేమో దగ్గడం కూడా తప్పే అంటున్నారు. ఏం బట్టలు వేసుకోవాలి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి, పాపకి విసుగొస్తే ఏం చెయ్యాలి, ముందే యూట్యూబ్‌లో విని వెళ్ళాలా వద్దా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

పుల్లట్టు
బట్టల గురించి అస్సలు ఆలోచించకండి. ఆదివారం పొద్దున్న కచేరీకి స్వెట్టరు, జీన్సు వేసుకొచ్చేవాళ్ళే ఎక్కువ. చప్పుడు చేసే జాకెట్ మాత్రం వద్దు. ఆ గరగర పక్క వరుస దాకా వినపడుతుంది.

ఎనభైఎనిమిది_మెట్లు
బట్టల సంగతి పైన చెప్పేశారు కాబట్టి నేను చప్పట్ల సంగతి చెప్తాను. లెస్టర్‌లో 14 ఏళ్ళుగా పిల్లలకి పియానో నేర్పుతున్నాను, ఏటా ఈ ప్రశ్న అడగని తల్లిదండ్రులు లేరు. సొనాటా అంటే ఒక పాట కాదు, మూడు నాలుగు భాగాలు కలిసి ఒక రచన. మీరు వినబోయే హైడన్‌కి 3 భాగాలు, షూబర్ట్‌కి 4. భాగానికీ భాగానికీ మధ్య పియానిస్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆగుతారు, అప్పుడు కొట్టరు. అన్నీ అయిపోయి ఆ మనిషి లేచి మీ వైపు తిరిగాక కొట్టండి. లెక్క తప్పుతుందేమో అనిపిస్తే పక్కవాళ్ళు మొదలుపెట్టాకే కొట్టండి, ఒక్క క్షణం ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. హైడన్ చివరి భాగంలో ఆయన కావాలనే పాటని ఎక్కడికో దారి తప్పించి టక్కున ఆపేస్తాడు. అయిపోయిందనిపిస్తుంది, కానీ అవదు. ఇంకో విశేషం, ఆ సొనాటా పుట్టింది మీ ఊళ్ళోనే. హైడన్ రెండోసారి లండన్ వచ్చినప్పుడు, 1794 ప్రాంతంలో, థెరీస్ జాన్సెన్ అనే పియానిస్టు కోసం రాశాడు. మొదటి భాగంలో రెండు చోట్ల "ఓపెన్ పెడల్" అని, అంటే కాలి కింది పెడల్ నొక్కే ఉంచమని, రాసిపెట్టాడు. అక్కడ స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, తలుపు వేసిన గదిలోంచి వస్తున్నట్టు వినపడతాయి. ఆ చోటు దొరుకుతుందేమో పాపని పట్టుకోమనండి.

వరంగల్_చిన్నోడు
మధ్యలో చప్పట్లు కొట్టొద్దన్న రూలే నాకు నచ్చదు. ఆ సంగీతం రాసినవాళ్ళ కాలంలో ఈ రూల్ ఎక్కడుంది? 1778లో మోజార్ట్ పారిస్ నుంచి వాళ్ళ నాన్నకి రాసిన ఉత్తరం చదవండి. సింఫనీ మొదటి భాగం ఇంకా నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని సంబరంగా రాశాడు. ఆ చోటు జనానికి నచ్చుతుందని ముందే తెలిసి, చివర్లో దాన్నే మళ్ళీ పెట్టాడట. కచేరీ కాగానే సంతోషంతో వెళ్ళి ఐస్‌క్రీమ్ తిన్నాడు. మెచ్చుకోలు మనసులో పుట్టినప్పుడు బయటికి రావాలి. మన దగ్గర "భళా" అనడం తప్పా?

తంబుర_శృతి
వరంగల్ తమ్ముడూ, నువ్వు చెప్పిన ఉత్తరం నిజమే, కానీ అది సింఫనీ సంగతి. ముప్పై నలభై మంది వాయిస్తుంటే నాలుగు చప్పట్లు పడ్డా సంగీతం మునిగిపోదు. పియానో సంగతి వేరు. నేను ఇరవై ఏళ్ళు కర్ణాటక వయొలిన్ వాయించినదాన్ని. నా కమాను తీగ మీద ఉన్నంతసేపూ స్వరం నా చేతిలోనే ఉంటుంది, పెంచుతాను, తగ్గిస్తాను, గమకం వేస్తాను. పియానోలో ఆ భాగ్యం లేదు. సుత్తి తీగని ఒక్కసారి కొట్టి వెనక్కి వచ్చేస్తుంది, ఆ తర్వాత ఆ స్వరం తగ్గిపోవడమే తప్ప పెరగడం అంటూ ఉండదు. పుట్టిన మరుక్షణం నుంచి ఆరిపోతూ ఉంటుంది. వాయించేవాళ్ళు ఆ ఆరిపోవడాన్ని కూడా లెక్కవేసుకుని తర్వాతి స్వరం ఎంత బలంగా కొట్టాలో నిర్ణయిస్తారు. ఆ చివరి పలచని ధ్వని మీద మన దగ్గు పడితే పోయేది మర్యాద కాదు, సంగీతమే.

"భళా" మన పద్ధతి, దానికి నేనూ చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ మన కచేరీలో పాడేవాళ్ళు ఆ మాట అందుకుని ఇంకో సంగతి వేస్తారు, అక్కడ అది సంభాషణ. షూబర్ట్ రాసిందాంట్లో మనం మాట కలపడానికి చోటు లేదు.

వరంగల్_చిన్నోడు
చోటు లేదు అనేది ఒప్పుకోను అక్కా, కానీ ఆరిపోవడం గురించి రాసింది మాత్రం రెండుసార్లు చదివాను.

సికింద్రాబాద్_పిల్ల
నన్ను మొదటిసారి ఆశ్చర్యపరిచింది చప్పట్లు కాదు, మైకు లేకపోవడం. పెళ్ళి, గుడి, రవీంద్రభారతి, ఎక్కడికెళ్ళినా స్పీకర్లలోంచి వినడమే అలవాటు కదా. ముంబయిలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో ఒక పియానో కచేరీకి వెళ్ళాను. మొదటి రెండు నిమిషాలు "సౌండ్ పెంచరేంటి" అనిపించింది. ఐదో నిమిషానికి చెవే ముందుకి వంగినట్టయింది. ఎవరూ వాల్యూమ్ పెంచరని తెలిశాక మనమే లోపల పెంచుకుంటాం. ఇంటికి టాక్సీలో వస్తుంటే హారన్లన్నీ విడివిడిగా వినపడ్డాయి.

హైదరాబాద్‌లో ఇలాంటివి ఎప్పుడో గానీ దొరకవు. మీకు ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) దిగితే హాలు ఉంది, వెళ్ళండి, భయపడకండి.

మాండొలిన్_మామ
ముందుగా విని వెళ్ళాలా అని అడిగారు. వద్దు. నా మాట విని ఒక్క ముక్క కూడా వినకండి. మొదటిసారి వినే అదృష్టం ఒక్కసారే వస్తుంది, దాన్ని ఫోన్ స్పీకరు మీద ఖర్చు చెయ్యకండి.

ఎనభైఎనిమిది_మెట్లు
మామగారూ, మీకు యాభై ఏళ్ళ వినికిడి ఉంది కాబట్టి అలా చెప్పగలుగుతున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ షూబర్ట్ దాదాపు 40 నిమిషాలు. మొదటి భాగం ఒక్కటే, రిపీట్ వాయిస్తే 20 నిమిషాలు పడుతుంది. చేతికి ఏదో ఒక దారం ఇవ్వకుండా కూర్చోబెడితే మధ్యలో తప్పిపోతుంది.

అందుకని ఒక పని చెయ్యండి. మొదటి ఒకటిన్నర నిమిషం మాత్రం వినిపించండి. చాలా మెల్లగా, గుళ్ళో ప్రార్థనలా ఒక పాట మొదలవుతుంది. ఎనిమిదో బార్‌లో (బార్ అంటే మన ఆవర్తం లాంటిది), మంద్రంలో బాగా కింద, ఎడమ చేతిలో ఒక సన్నని వణుకు వస్తుంది. ట్రిల్ అంటారు. ఎక్కడో దూరంగా ఉరిమినట్టు ఉంటుంది. తర్వాత నిశ్శబ్దం, మళ్ళీ పాట. "ఆ ఉరుము మళ్ళీ ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టు" అని చెప్పండి చాలు. షూబర్ట్ దీన్ని 1828 సెప్టెంబరులో పూర్తిచేశాడు, నవంబరు 19న పోయాడు. 31 ఏళ్ళు. పాపకి అది ఇప్పుడే చెప్పకండి, మీరు తెలుసుకుని వినండి.

డల్లాస్_పద్మ
పిల్లల విషయంలో నా అనుభవం చెప్తాను. మావాడిని ఆరేళ్ళప్పుడు తీసుకెళ్ళాను, పదిహేను నిమిషాలకే కాళ్ళు ఊపడం మొదలెట్టాడు, ముందు సీటుకి తగిలాయి. ఆ పెద్దాయన వెనక్కి తిరిగి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. రెండో భాగానికి ముందు బయటికి వచ్చేశాం. తొమ్మిదేళ్ళంటే వేరు, అందులోనూ తనే వాయిస్తుంది కాబట్టి బాగానే కూర్చుంటుంది. అయినా సరే వరుస చివర సీట్లు అయితే మంచిది. వెళ్ళేముందు బాత్రూమ్, ఇది మాత్రం మర్చిపోవద్దు.

మావాడికి మళ్ళీ ఇష్టం కలిగింది 2022లో. మాకు దగ్గర్లోనే ఫోర్ట్‌వర్త్‌లో నాలుగేళ్ళకోసారి క్లైబర్న్ పియానో పోటీలు జరుగుతాయి. ఆ ఏడు 18 ఏళ్ళ యుంచాన్ లిమ్ గెలిచాడు. అతను సెమీఫైనల్లో లిస్ట్ అనే స్వరకర్త రాసిన 12 ట్రాన్సెండెంటల్ ఎత్యూడ్లూ (చాలా కష్టమైన అభ్యాస రచనలు) ఆపకుండా వాయిస్తుంటే లైవ్‌లో చూస్తూ మావాడు అన్నం కంచం పక్కన పెట్టేశాడు.

పుల్లట్టు
పద్మగారు బాత్రూమ్ అన్నారు, నేను దగ్గు బిళ్ళలంటాను. ఇంటి దగ్గరే కాగితం విప్పేసి, జేబురుమాల్లో చుట్టి తీసుకెళ్ళండి. మెల్లగా విప్పితే వినపడదనుకుంటారు, నిజానికి మెల్లగా విప్పితేనే ఆ చప్పుడు ఇంకా ఎక్కువసేపు సాగుతుంది.

హౌన్స్‌లో_నాన్న
అందరి మాటలూ మా ఆవిడకి చదివి వినిపించాను, సగం టెన్షన్ తగ్గింది. ఇంకో సందేహం. మా సీట్లు కుడి వైపు వచ్చాయి. ఎడమ వైపు అయితేనే చేతులు కనపడతాయని ఇప్పుడే ఎవరో చెప్పారు. మార్చుకోవాలా?

ఎనభైఎనిమిది_మెట్లు
మార్చుకోకండి. ఎడమ వైపు అయితే వేళ్ళు కనపడతాయి, నిజమే. కుడి వైపు అయితే ముఖం కనపడుతుంది. మూత కూడా వినేవాళ్ళ వైపుకే తెరుచుకుని ఉంటుంది కాబట్టి ధ్వని మీ వైపే వస్తుంది. 550 సీట్లు ఉన్న హాలు అది, ఎక్కడ కూర్చున్నా దగ్గరే.

పాత_కాగితాలు
ఆ హాలు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. దాన్ని కట్టింది జర్మన్ పియానోల కంపెనీ బెక్‌స్టెయిన్, తమ షోరూమ్ పక్కనే. 1901లో తెరిచినప్పుడు పేరు బెక్‌స్టెయిన్ హాల్. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, శత్రుదేశపు ఆస్తి అని 1916లో వేలం వేశారు, 1917లో వీధి పేరు పెట్టి మళ్ళీ తెరిచారు. అంటే పియానో కోసమే పుట్టిన గది అది. వేదిక మీద అర్ధగోపురం ఉంటుంది, నీలం మీద బంగారు రంగు బొమ్మలు. పైకి చూడ్డం మర్చిపోకండి.

"రిసైటల్" (ఒక్కరే వాయించే కచేరీ) అన్న మాటని పియానోకి తగిలించింది కూడా లండన్‌లోనే, 1840లో లిస్ట్ కచేరీకి. పియానోని ఎలా "రిసైట్" చేస్తారని, అంటే ఎలా వల్లిస్తారని, అప్పుడు జనం తెల్లబోయారట.

ఒక్క విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే లండన్ హాళ్ళన్నీ మూతపడ్డాయి. మైరా హెస్ అనే పియానిస్టు నేషనల్ గ్యాలరీ అనే చిత్రాల మ్యూజియంలో మధ్యాహ్నం కచేరీలు మొదలుపెట్టింది. బాంబుల భయంతో బొమ్మలన్నీ వేల్స్‌కి తరలించేశారు, ఖాళీ గోడలు మిగిలాయి. టికెట్ ఒక షిల్లింగు. 1939 అక్టోబరు నుంచి 1946 దాకా దాదాపు 1700 కచేరీలు జరిగాయి. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, సైనికులు, సంగీతం ఓనమాలు రానివాళ్ళు వచ్చి నేల మీద కూర్చుని విన్నారు. "మనకేం అర్థమవుతుంది" అనుకునేవాళ్ళు ఆ ఫోటోలు ఒకసారి చూడాలి.

కృష్ణా_కెనాల్
నాకు ఒక చేదు అనుభవం ఉంది. పదేళ్ళ క్రితం వేరే ఊళ్ళో, వేరే హాల్లో. తాళం చేతిలోకి వచ్చేసింది, తొడ మీద మెల్లగా వేస్తున్నాను. పక్కన కూర్చున్నావిడ నా మణికట్టు మీద వేలుపెట్టి ఆపింది. మాట లేదు, వేలు మాత్రమే. ఆ తర్వాత గంటసేపు ఏం విన్నానో నాకు తెలియదు, నా చెయ్యే చూసుకుంటూ కూర్చున్నాను. ఐదేళ్ళు మళ్ళీ వెళ్ళలేదు.

తంబుర_శృతి
చదివితే బాధేసింది. ఆవిడ చేసింది తప్పే, ముట్టుకోకూడదు. కానీ ఇక్కడ తాళం మనం పట్టుకునే తాళంలా నడవదు. వాయించేవాళ్ళు కాస్త సాగదీస్తారు, కాస్త పరిగెత్తిస్తారు. చేత్తో వేస్తే మీ లెక్క ఒకటి, వాళ్ళ లెక్క ఒకటి అవుతుంది. నేను చెప్పుల్లోపల కాలి బొటనవేలితో వేస్తాను. ఇన్నేళ్ళలో ఎవరికీ తెలియలేదు.

కృష్ణా_కెనాల్
బొటనవేలు! ఈసారి తప్పకుండా.

హౌన్స్‌లో_నాన్న
వెళ్ళొచ్చాం. ఇప్పుడే పాప పడుకుంది, మర్చిపోకముందే రాస్తున్నాను.

పావుగంట ముందే వెళ్ళాం. వేదిక మీద ఆ పియానో ఒక్కటే ఉంది, ఇంకేమీ లేదు. ఎంత పొడుగో! పాప మెల్లగా "నాన్నా, ఇది మన హాలు కన్నా పెద్దది" అంది. పియానిస్టు వచ్చి నమస్కారంగా తల వంచి, కూర్చుని, స్టూలు కొంచెం సరిచేసుకుని, చేతులు పెట్టేలోపు హాలంతా ఒక్కసారిగా ఊరుకుంది. అందరూ కలిసి ఊరుకోవడం అనేది నేను గుళ్ళో హారతి సమయంలో కూడా చూడలేదు.

హైడన్‌లో "ఓపెన్ పెడల్" చోటు పాపే పట్టుకుంది, నా చెయ్యి గిల్లింది. నాకు తెలియలేదు. చివరి భాగంలో మీరు చెప్పినట్టే పాట ఎక్కడికో వెళ్ళి ఆగింది. వెనకాల ఎవరో రెండు చప్పట్లు కొట్టేశారు! ఎవరూ కోపంగా తిరిగి చూడలేదు, అటూ ఇటూ చిన్న నవ్వు వినపడింది, పియానిస్టు కూడా నవ్వుతూనే తర్వాతి స్వరం అందుకున్నారు. పాపకి నవ్వాగలేదు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వరంగల్ తమ్ముడూ, నీ పక్షాన ఒక మనిషి ఉన్నాడు.

తర్వాత షూబర్ట్. ఆ ఉరుము వచ్చింది. ఫోన్లో విన్నప్పుడు అది కేవలం ఒక చప్పుడు. ఇక్కడ చెవికి వినపడే ముందే కుర్చీలోంచి వచ్చిందనిపించింది నాకు. అది ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో ఎవరూ ఊపిరి కూడా తీసుకోలేదు. పాప వేలు ఒకటి మడిచింది. అలా మడుస్తూ ఉండగా ఒకచోట అదే ఉరుము పిడుగు పడ్డంత గట్టిగా వచ్చింది! పాప ఉలిక్కిపడి నా మీదకి ఒరిగింది. నేనూ ఉలిక్కిపడ్డాను. అది ఏమిటో చెప్పగలరా?

రెండో భాగం గురించి నాకు రాయడం రావట్లేదు. ఎడమ చెయ్యి కింద నుంచి లేచి కుడి చేతి మీదుగా దాటి పైన ఒక్క స్వరం ముట్టుకుని మళ్ళీ కిందకి, మళ్ళీ పైకి, ఊయలలాగా. మా నాన్న పోయి రెండేళ్ళయింది. ఎందుకో ఆయన పడక్కుర్చీ గుర్తొచ్చింది. మా ఆవిడ నా వైపు చూడకుండానే కర్చీఫ్ ఇచ్చింది. ఆ భాగం అయ్యాక హాలంతా ఒక్కసారిగా దగ్గింది, అంతసేపూ ఆపుకున్న దగ్గులన్నీ.

చివరి భాగంలో ఒక స్వరం గంట కొట్టినట్టు కొట్టి, పట్టుకుని, ఆ తర్వాతే పాట మొదలవుతుంది. అది మళ్ళీ మళ్ళీ వస్తుంది. శృతక్కా, మీరు ఆరిపోవడం అన్నారే, అది నాకు అక్కడ అర్థమైంది. ఆ స్వరం సన్నబడుతుంటే దాని వెంటే వెళ్ళాను.

అయ్యాక బయట కాఫీ ఇచ్చారు. ఒక పెద్దావిడ పాపని "నువ్వు కూడా వాయిస్తావా" అని అడిగింది. ఎలా తెలిసిందంటే, కచేరీ అంతసేపూ ఒళ్ళో వేళ్ళు ఆడిస్తూనే ఉందట.

మాండొలిన్_మామ
పడక్కుర్చీ దగ్గర ఆగిపోయాను బాబూ. నేను విని వెళ్ళొద్దన్నాను, మీరు ఒకటిన్నర నిమిషం విని వెళ్ళారు, మంచి పని చేశారు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎనభైఎనిమిది_మెట్లు
ఆ పిడుగు సంగతి. మొదటి భాగంలో మూడో వంతు దాకా వచ్చాక మళ్ళీ మొదటి నుంచి వాయించమని షూబర్ట్ రాశాడు. వెనక్కి వెళ్ళేముందు తొమ్మిది బార్లు ఉంటాయి, అవి రిపీట్ చేస్తేనే వినపడతాయి. ఆ ట్రిల్ అంత గట్టిగా వచ్చేది మొత్తం సొనాటాలో అక్కడొక్కచోటే. ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ లాంటి మహా పియానిస్టు కూడా ఆ రిపీట్ వద్దని వదిలేసేవాడు. నేను ఆ విషయంలో ఆయనతో ఏకీభవించను. మీ పియానిస్టు వాయించారు కాబట్టి మీ పాప ఉలిక్కిపడింది, వదిలేసి ఉంటే అంతసేపూ ఆ ఉరుము దూరంగానే ఉండిపోయేది.

సికింద్రాబాద్_పిల్ల
టికెట్ ఎంతండీ? మా చెల్లెలు జనవరిలో లండన్ వస్తోంది, చదువుకోడానికి.

పుల్లట్టు
విగ్‌మోర్‌లో 35 ఏళ్ళ లోపు వాళ్ళకి చాలా కచేరీలకి 5 పౌండ్ల టికెట్లు ఉంటాయి. వెబ్‌సైట్లో చూసుకోమనండి. ఆ డబ్బుకి ఇక్కడ శాండ్‌విచ్ కూడా సరిగ్గా రాదు.

హౌన్స్‌లో_నాన్న
పొద్దున్నే ఇంకో ప్రశ్న వచ్చింది. లేవగానే మొహం కడుక్కోకుండా పియానో ముందు కూర్చుని కింద మెట్లన్నీ ఒక్కొక్కటి నొక్కి చూస్తోంది. ఆ ఉరుము ఏ మెట్టు మీద వస్తుందో టీచరుగారిని అడగమంది.

ఎనభైఎనిమిది_మెట్లు
జి ఫ్లాట్, ఎ ఫ్లాట్. రెండూ నల్ల మెట్లే, పక్కపక్కనే ఉంటాయి. బాగా కిందకి వెళ్ళాలి, కీబోర్డు ఎడమ చివర నుంచి వెతకమనండి. ఎడమ చేతి చూపుడువేలు, మధ్యవేలు పెట్టి వాయించవచ్చు. అక్కడ రెండు 'పీ'లు రాసి ఉంటాయి, అంటే చప్పుడు చాలా మెల్లగా రావాలని. ఎంత మెల్లగా వాయించగలిగిందో సాయంత్రం రాయండి.